ఇరవై మూడేళ్ల ‘మార్పు లేదు’

పోయిన వారం మీరు నన్ను సామాన్ల గదిలో నిచ్చెన మీద వదిలేసి మీ దారిన మీరు పోయారు. చేతిలో తుప్పు పట్టిన క్లిప్పుతో ఒక పాత ఫైలు, ముక్కు నిండా దుమ్ము, తుమ్ముదామంటే కింద పడతానేమోనని భయం. వారం రోజులు అలాగే నిలబడి ఉన్నాననుకోండి, ఇప్పుడు దిగుతాను.

మరిచిపోయిన వాళ్ల కోసం రెండు ముక్కలు. నా పేరు మార్సెల్లా. ఒహాయోలో చర్చి బల్లలు తయారు చేసే హెల్మ్‌కాంప్ కర్మాగారంలో గుమాస్తాని. నలభై ఒక్క మంది పనివాళ్ల జీతాలు, సెలవులు, ఆరోగ్య బీమా కాగితాలు నేనే చూస్తాను. కొత్త చట్టం వచ్చి, కంపెనీ ఇచ్చే బీమాలో గర్భం రాకుండా వాడే మందులూ సాధనాలూ కూడా ఉండి తీరాలంది. మా యజమాని నార్బర్ట్ హెల్మ్‌కాంప్ గారు అది తన కేథలిక్ విశ్వాసానికి విరుద్ధం, చచ్చినా ఒప్పుకోనన్నారు. ప్రభుత్వం మీద కేసు వేస్తున్నారు. కేసుకి పునాది ఒక అఫిడవిట్. అందులో మొదటి వాక్యం, ‘మా కంపెనీ పుట్టిన నాటి నుంచి నేటి వరకు ఇటువంటి వాటికి ఒక్క సెంటు కూడా చెల్లించలేదు’ అని. కింద రెండు సంతకాలు. ఒకటి ఆయనది, రెండోది నాది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నోటరీ వస్తాడు, ప్రమాణం చేసి సంతకాలు పెట్టాలి. ఆ వాక్యానికి రుజువుగా పాత పాలసీలు వెతికి తెమ్మని లాయరు నన్ను నిచ్చెన ఎక్కించాడు.

ఆ శుక్రవారం ఉదయం పదకొండింటికి రుజువు దొరికింది. కాకపోతే తలకిందులుగా దొరికింది.

1989 నాటి పాలసీ వెనక ఒక అదనపు కాగితం క్లిప్పు పెట్టి ఉంది. ‘కుటుంబ నియంత్రణకు సంబంధించిన మందులు, సాధనాలు, శస్త్రచికిత్స: యాజమాన్యం కోరిక మేరకు చేర్చడమైనది.’ చదివాను. కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చదివాను. యాజమాన్యం అంటే మా నార్బర్ట్ గారు. రోమ్‌లో పోప్ గారు ఒక మెట్టు దిగినా తను దిగని మనిషి. ఆయన కోరిక మేరకట!

నిచ్చెన మెట్టు మీదే చతికిలబడ్డాను. ఆ తర్వాత తట్టింది అసలు సంగతి. నేను ఈ ఉద్యోగంలో చేరింది 1990లో. ప్రతి జనవరిలో బీమా కంపెనీ నుంచి ఒక ఫారం వస్తుంది. పైన రెండు గడులు. ‘మార్పులు ఉన్నవి’, ‘మార్పు లేదు’. మార్పులు ఉంటే పదకొండు పేజీలు నింపాలి. లేకపోతే ఒక్క టిక్కు, ఒక్క సంతకం, అయిపోయింది. నన్ను మీరు ఏమైనా అనుకోండి, పదకొండు పేజీలు నింపే సరదా నాకు ఏనాడూ లేదు. ఇరవై మూడు జనవరులు, ఇరవై మూడు టిక్కులు. ‘మార్పు లేదు.’ ఆ పాలసీ లోపల ఏముందో ఒక్కసారీ తెరిచి చూడలేదు. అలాంటి మందుల అవసరం నాకు పడలేదు. నాకూ మా ఆయనకీ పిల్లలు కావాలని చేసిన ప్రార్థనలే గానీ వద్దని చేసినవి లేవు. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

కొత్త చట్టానికి ఇరవై ఏళ్ల ముందు నుంచే మా కంపెనీ దానికి డబ్బు కడుతోంది. కట్టించింది నా చెయ్యే.

ఫైలు చంకలో పెట్టుకుని భోజనాల గదికి పోయాను. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారం కాబట్టి ఎవరి డబ్బాలోనూ మాంసం లేదు, గది నిండా కోడిగుడ్ల వాసన. వార్నిష్ విభాగంలో పనిచేసే కరిస్సా ఒక్కతే కిటికీ పక్కన కూర్చుంది. కరిస్సా నార్బర్ట్ గారి చెల్లెలి కూతురు. ఇరవై నాలుగేళ్లది. నిరుడు మొదటి కాన్పు అయ్యాక గుండె నీరసించి నెల రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడింది. ఇంకో కడుపు వస్తే కరిస్సా బతకదని డాక్టరు మొగుడూ పెళ్లాలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇదంతా ఊరందరికీ తెలుసు. గర్భం రాకుండా మూడు నెలలకోసారి సూది వేయించుకుంటోందనీ, ఈస్టర్ వెళ్లిన సోమవారం గర్భసంచిలో సాధనం పెట్టించుకోబోతోందనీ మాత్రం నాకు అంతకు ముందు వారమే చెప్పింది. బీమా లేకపోతే దానికి పదకొండు వందల డాలర్లు. దాని మొగుడు పాల డెయిరీలో పని చేస్తాడు. ‘మావయ్య నిజంగానే తీయించేస్తాడా?’ అని అడిగినప్పుడు, అసలు ఉంటేగా తీయడానికి, నీకు ఎవరో పొరపాటుగా చెప్పి ఉంటారని నేను ధీమాగా జవాబిచ్చాను. ఎంత తెలివైనదాన్నో చూశారా.

ఆ సూదులకి డబ్బు ఎవరు కడుతున్నారని ఇప్పుడు మెల్లగా అడిగాను. అది నా మొహంలోకి వింతగా చూసింది. "మన బీమానే కదా ఆంటీ. ఇక్కడ ఆడవాళ్లందరికీ ఎప్పటి నుంచో వస్తోందిగా. మావయ్యకి తెలుసనీ, తెలీనట్టు ఉంటాడనీ అనుకున్నాం. అందుకే ఎవ్వరం ఆ మాట ఎత్తం."

మా ఊరి సంగతి మీకు తెలియదు. పొరుగింటి వాళ్ల ఆవు ఈనితే గంటలో అందరికీ తెలుస్తుంది. కానీ ఒక మంచి మనిషి ఇబ్బంది పడతాడనుకుంటే ఊరు ఊరంతా నోటికి కుట్లు వేసుకుంటుంది. ఇరవై నాలుగేళ్లుగా ఇంతమంది ఆడవాళ్లు ఆయన పెద్దమనసుతో చూసీ చూడనట్టు ఉంటున్నాడని మనసులోనే దండం పెట్టుకుంటూ వచ్చారు. ఆయనకేమో తన కంపెనీలో అలాంటిది లేదనే ధీమా. నాకు ఆ పాలసీ తెరిచి చూసే ఓపిక లేదు. ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట అనుకోలేదు.

మరి కేసు సంగతేమిటి, ఆయన కేసు వేస్తున్నాడని తెలుసుగా అన్నాను. అదంతా రాజకీయం, ప్రభుత్వంతో పేచీ అనుకున్నారట. ఈలోగా అవతలి బల్ల నుంచి రంపం పని చేసే డెల్బర్ట్ అందుకున్నాడు. వాడికి చెవులు పాము చెవులు. తన గడ్డం బ్లేడ్లకి ఏ బీమా ఇస్తోంది, తను దుకాణంలో కొనుక్కోవడం లేదా, ఎవడికి కావలసింది వాడు కొనుక్కుంటే ధరలు వాటంతటవే దిగొస్తాయి అని మొదలెట్టాడు. గడ్డం పెరిగితే నువ్వు చచ్చిపోతావా డెల్బర్ట్ అని కరిస్సా నెమ్మదిగా అడిగింది. వాడు తడబడ్డాడు. మంచివాడే, కాస్త ఆలస్యంగా ఆలోచిస్తాడు. పోనీ ప్రభుత్వమే దవాఖానా పెట్టి ఊరికే ఇవ్వొచ్చుగా, యజమాని నెత్తిన రుద్దడం దేనికి, ఆయన మనసుకి నచ్చని పని ఆయన డబ్బుతో చేయించడం న్యాయమా అన్నాడు. అది ఆయన డబ్బు ఎలా అవుతుంది, మనకి జీతం తగ్గించి బీమా ఇస్తున్నారు, అది మన ఒళ్లు వంచి సంపాదించిందే అని కరిస్సా. నిజం చెప్పొద్దూ, ఎవరు మాట్లాడుతుంటే వాళ్లదే సబబుగా తోచింది నాకు. నా చంకలో ఫైలు మాత్రం ఇటుక రాయిలా బరువెక్కుతోంది.

మూడింటికి ధైర్యం కూడదీసుకుని నార్బర్ట్ గారి గదిలోకి వెళ్లాను. లాయరు కీగన్ అక్కడే ఉన్నాడు. సిన్సినాటి పట్నం కుర్రాడు, ఎప్పుడూ ఒళ్లో కంప్యూటరు. నేనేమీ చెప్పలేదు. కాగితం బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాను.

ఆయన చదివారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చదివారు. అరుస్తారనుకున్నాను, అరిచి ఉంటే బాగుండేది. ఆయన దుర్మార్గుడైతే నా పని సులువయ్యేది. కాడు. వ్యాపారం మూతపడబోయిన ఏడాది ఇల్లు తాకట్టు పెట్టారు గానీ ఒక్కరినీ పనిలోంచి తీయలేదు. పనివాళ్లలో ఎవరింట బిడ్డ పుట్టినా ఆదివారం నాడు ఒంటరిగా వచ్చి, మిగిలిన ఓక్ చెక్కతో తన చేత్తో ఊయల చేసి ఇస్తారు. అలాంటి మనిషి మెల్లగా, "ఎన్నేళ్లుగా?" అన్నారు.

ఇరవై నాలుగేళ్లని చెప్పాను. ఆయన శిలువ గుర్తు వేసుకున్నారు.

లాయరు మాత్రం చలించలేదు. బీమా కంపెనీ వాళ్లు కిక్కురుమనకుండా ఎందుకు ఇస్తున్నారో తనకు తెలుసన్నాడు. ఒక కాన్పు ఖర్చుతో పోలిస్తే వాళ్లకి ఈ మందులు చిల్లర కింద లెక్క, లాభమే తప్ప నష్టం లేదట. "అంటే బిడ్డకి వెల కట్టి, రాకపోతే లాభమని రాసుకుంటున్నారన్నమాట," అన్నారు నార్బర్ట్ గారు. ఆ మాటలో కోపం లేదు, అసహ్యం ఉంది. లాయరు దాన్ని పట్టించుకోకుండా ఇంకో వాక్యం అల్లేశాడు. గుమాస్తా పొరపాటు వల్ల యజమానికి తెలియకుండా జరిగింది, తెలిసిన రోజే తీయించేశారు. కోర్టుకి ఇది ఇంకా బాగా నచ్చుతుందట. సోమవారం నుంచి తీసేయమని బీమా వాళ్లకి ఫోను చేసి, ఆ వాక్యం టైపు చేసి తెస్తానని నా గదిలోకి, నా కుర్చీలోకి పోయాడు.

గుమాస్తా అంటే నేను. పదవీ విరమణకి నాలుగేళ్లు ఉన్న నేను.

నార్బర్ట్ గారు నా వైపు చూడలేక ఆ కాగితాన్నే వేళ్లతో తడుముతున్నారు. తడిమీ తడిమీ ఆగారు. జీవితమంతా చెక్క మందం వేళ్లతో చూసిన మనిషి. అది ఒక్క కాగితం కాదు, రెండు. క్లిప్పు తుప్పుకి అంటుకుపోయాయి. జేబులోంచి చాకు తీసి, అంచు నుంచి నెమ్మదిగా విడదీశారు. రెండో కాగితం మీద కోరిన వారి సంతకం ఉంది.

రోసెల్లా హెల్మ్‌కాంప్.

ఆయన భార్య. నాకు ముందు ఈ ఆఫీసు నడిపింది ఆవిడే. అయిదుగురి తల్లి. ప్రతి నెలా మొదటి శనివారం చర్చిలో జపమాల ప్రార్థన చెప్పించేది ఆవిడే. ఆయన ఆ సంతకాన్ని ఎంతసేపు చూశారో తెలియదు. తర్వాత చర్చి హాలుకి ఫోను చేసి, ఒకసారి రమ్మని మాత్రం అని పెట్టేశారు.

ఆ సాయంత్రం చర్చిలో జరిగే చేపల విందుకి వంట చేస్తున్నదల్లా రోసెల్లా ఏప్రన్ మీద పిండితోనే వచ్చింది. బల్ల మీద కాగితం చూసింది. ఆశ్చర్యపోతుందేమోనని చూశాను. పోలేదు. తలుపు దగ్గరికి వేసింది. నేను వెళ్లబోతే, ఉండు మార్సీ, నీ పేరు కూడా దీంట్లో ఉందిగా అంది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే. తేదీ కూడా చూడు," అంది.

ఏప్రిల్ మూడు. ఆయన పెదవులు కదిలాయి. నేనూ లోపలే లెక్క వేశాను. ఆయన చెల్లెలు బెర్నదీన్ ఆ ఏడు ఫిబ్రవరిలో పోయింది. ఇక్కడే నునుపు పట్టే విభాగంలో పనిచేసేది. ఆరో కాన్పు అయిన నాలుగో రోజున గుండె ఆగి పోయింది. ఆ పుట్టిన పిల్లే కరిస్సా. దేవుడు పిలిచాడని ఊరంతా అనుకుంది. ఆ పిల్లకి ఆయన ఏడుస్తూనే ఊయల చేశారని చెప్పుకుంటారు.

"అయిదో కాన్పుకే డాక్టరు చెప్పేశాడు దానికి," అంది రోసెల్లా. గొంతు పెంచలేదు. "మళ్లీ కడుపుతో ఉంటే బతకవు, ఆపరేషన్ చేయించుకో అని. ఇక్కడిది చర్చి వాళ్ల ఆస్పత్రి, చెయ్యరు. దూరంగా చేస్తారు గానీ అంత డబ్బు వాళ్ల దగ్గర ఎక్కడిది? నీ దగ్గరికి వచ్చింది."

"నా దగ్గరికి రాలేదు."

"వచ్చింది. మార్సీ పక్కనున్న ఆ కుర్చీలోనే కూర్చుంది. నేను అవతల గదిలో టైపు చేస్తున్నాను, తలుపు తీసే ఉంది. ‘అన్నయ్యా, బీమాలో అది చేర్పించవా’ అని అడిగింది. నువ్వేమన్నావో చెప్పనా?"

ఆయన తలెత్తి ఆ కుర్చీ వైపు చూశారు.

"‘ప్రార్థన చేద్దాం’ అన్నావు. ఊరికే అనలేదు, చేశావు కూడా. దాని కోసం ఏడాది పాటు రోజూ తెల్లారి చర్చిలో ఆరింటి పూజకి వెళ్లావు, మంచులో కూడా. నీ పక్కన కూర్చున్నాను నేను. అందుకే ఇన్నేళ్లూ నిన్ను ఒక్క మాట అనలేకపోయాను."

నార్బర్ట్ గారు ఎవరో తన్నినట్టు కుర్చీలో కూలబడ్డారు. ఆయన నిజంగానే మరిచిపోయారు. అబద్ధమాడే మొహం కాదది. చెల్లెలు వచ్చి ప్రాణం అడిగితే, తను ప్రార్థన ఇచ్చి, ఇచ్చాను కదా అనుకుని, అడిగిందన్న సంగతే మరిచిపోయారు. ఆ మొహం మీదకి జ్ఞాపకం తిరిగి రావడం నేను కళ్లారా చూశాను. చూడకుండా ఉంటే బాగుండును.

కరిస్సా సంగతి తను చూసుకుంటానన్నారు. ఆ పిల్ల గుండె కూడా వాళ్లమ్మ గుండేనని ఆస్పత్రిలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే. డాక్టరు ఏది చెబితే అది, ఎంతైతే అంత, తన జేబులోంచి ఇస్తానన్నారు. అంత మాట ఆయన నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. "కానీ నా ఇష్టంతో నేను ఇవ్వడం వేరు రోసెల్లా. ప్రభుత్వం నా మెడ మీద కూర్చుని, నా కంపెనీ పేరు మీద అందరికీ ఇప్పించడం వేరు. ఇవాళ ఇది కట్టమంటారు. రేపు ఇంకేం కట్టమంటారో, అప్పుడు నేను దేవుడికి ఏం చెప్పుకోను?"

"అంటే కరిస్సా వచ్చి ఆ కుర్చీలో కూర్చుని నిన్ను అడగాలి. వాళ్లమ్మ అడిగినట్టు. దాని తర్వాత ఇంకో ఆడది, ఆ తర్వాత ఇంకోతి. తమ ఒంట్లో ఏముందో, మొగుడితో ఎలా ఉంటున్నారో నీ ముందు చెప్పుకోవాలి. నువ్వు విని, జాలి పుడితే ఇస్తావు, లేకపోతే ప్రార్థన చేస్తావు." రోసెల్లా ఏప్రన్ అంచుతో చేతులు తుడుచుకుంది. "అలా ఎవరూ ఎవరినీ అడుక్కోకుండా ఉండాలనే నార్బర్ట్, నేను సంతకం పెట్టింది."

"నాకు చెప్పకుండా."

"నీకు చెప్పకుండా. తప్పే, ఒప్పుకుంటాను. చర్చిలో ఫాదర్ దగ్గర కూడా ఒప్పుకున్నాను. చేసినందుకు కాదు, నీకు చెప్పనందుకు."

నలభై ఆరేళ్ల కాపురం వాళ్లది. ఇద్దరూ ఒకరినొకరు కొత్త మనుషుల్ని చూసినట్టు చూసుకున్నారు. నాకు అక్కడి నుంచి మాయమైపోవాలనిపించింది. వరండాలో లాయరు బూట్ల చప్పుడు వినబడింది. నార్బర్ట్ గారు చటుక్కున ఆ రెండో కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "నీ పేరు దీంట్లోకి రాకూడదు," అన్నారు భార్యతో, బతిమాలుతున్నట్టు. "ఊళ్లో తలెత్తుకోలేవు. నేను చూడలేను."

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన దాస్తున్నది కేసు కోసం కాదు, ఆవిడ కోసం. ఆవిడ పేరు రాకుండా ఉండాలంటే ఇంకెవరి పేరో రావాలి.

కీగన్ కొత్త కాగితం తెచ్చి గడగడా చదివాడు. ‘1989లో గుమాస్తా పొరపాటున చేర్చగా, తదుపరి గుమాస్తా పరిశీలించకుండా కొనసాగించగా, యాజమాన్యానికి గాని, యజమాని కుటుంబంలో ఎవరికి గాని తెలియక…’ చదువుతూ ఆవిడకి మర్యాదగా నమస్కారం పెట్టాడు. ఆ మొదటి గుమాస్తా ఆవిడేనని అతనికేం తెలుసు పాపం. బీమా వాళ్లకి చెప్పేశాననీ, అయ్యగారు సంతకం పెట్టగానే కాగితం పంపిస్తే సోమవారం నుంచి పాలసీలోంచి పోతుందనీ సంతోషంగా చెప్పాడు. సోమవారం. కరిస్సా తేదీకి ఇంకా మూడు వారాలుంది.

సరిగ్గా నాలుగింటికి నోటరీ ఆర్విల్ వచ్చాడు. బ్యాంకులో పనిచేస్తాడు, చర్చి పాటల బృందంలో నా వెనక వరసలో నిలబడి శ్రుతి తప్పుతాడు. చేపలు వేగుతున్న వాసన వీధి చివరి దాకా వస్తోందని రోసెల్లాతో అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ముద్ర తీసి బల్ల మీద పెట్టాడు. ఇందులో రాసిందంతా నిజమని దేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నావా నార్బర్ట్ అని అడిగాడు.

నార్బర్ట్ గారు కుడి చెయ్యి ఎత్తారు. రంపాలతో యాభై ఏళ్లు పనిచేసి ఒక్క వేలు పోగొట్టుకోని చెయ్యి. భార్య వైపు చూడకుండా, "చేస్తున్నాను," అన్నారు. సంతకం పెట్టారు. చిన్న అబద్ధం కూడా ఆడడని, తక్కువ చెక్క వాడినందుకు బిల్లు తగ్గించి పంపిస్తాడని పక్క జిల్లాల్లో కూడా పేరున్న మనిషి, దేవుడి పేరు మీద నా కళ్ల ముందు అబద్ధమాడాడు. నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను.

"మార్సెల్లా, నీ వంతు," అన్నాడు ఆర్విల్.

నార్బర్ట్ గారు నా వైపు చూశారు. నిన్ను పనిలోంచి తీయను, ఎవరు ఏమన్నా నేనున్నాను అని ఆ చూపులో ఉంది. నేను పుణ్యాత్మురాలినని చెప్పుకోను. ఆ క్షణంలో కరిస్సా గుర్తు రాలేదు నాకు. ఇంటి కప్పు కారుతున్నది గుర్తొచ్చింది, పింఛను గుర్తొచ్చింది, యాభై ఆరేళ్ల వయసులో ఇంకెవరు పని ఇస్తారనిపించింది. నేను పరిశీలించకుండా కొనసాగించిన మాట నిజమేగా, సగం నిజమేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెప్పడానికి సిగ్గేస్తోంది, నా చెయ్యి లేచింది. భుజం దాకా లేచింది.

"దించు మార్సీ," అంది రోసెల్లా.

దించాను. ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, మొగుడి చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఆ మడిచిన కాగితం తీసింది. ఆయన ఆపలేదు. ఆవిడ మణికట్టు పట్టుకోబోయి, పట్టుకోలేక వదిలేశారు. ఆవిడ దాన్ని విప్పి, నలిగిన చోట అరచేత్తో సాపు చేసి, లాయరు కళ్ల ముందు పెట్టింది. కీగన్ చదివాడు. చంకలో కంప్యూటరు కింద పడినా వంగి తీసుకోలేదు. తను ఈ కాగితం ఇప్పుడే చూస్తున్నానని, ఇది ఎవరూ తనకి చెప్పలేదని, గోడతో చెబుతున్నట్టు గొణిగాడు.

రోసెల్లా కుడి చెయ్యి ఎత్తింది. వేళ్ల సందుల్లో ఇంకా తెల్లగా పిండి ఉంది.

"నాకు చెప్పించు ఆర్విల్, ప్రమాణం."

ఆర్విల్ ముద్ర పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. దేని మీద రోసెల్లా అని ఎలాగో అడిగాడు.

"ఈ సంతకం నాదని. తెలిసే పెట్టానని. మా ఆయన ఇప్పుడు దేవుడి పేరు మీద చెప్పింది అబద్ధమని." ఆవిడ ఆయన కళ్లలోకే చూస్తూ చెప్పింది. "ఈ కేసు వేస్తే, ప్రభుత్వం తరఫున మొదటి సాక్షిని నేనేనని కూడా రాసుకో."